ఏడో ఎక్కం

చెవిలో గింజంత యంత్రం పెట్టుకుంటే ఏ భాషైనా సొంత భాషలో వినబడే రోజులొచ్చాక, నాంచారమ్మ దయ్యంగా నటించిన, ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో తీసిన దయ్యాల సినిమా మొదటిసారి కాకినాడకొచ్చింది. నలభై ఏళ్ళుగా దాన్ని నెత్తిన పెట్టుకున్న విదేశీ అభిమానులు కూడా హాలు నిండా దిగారు. ముందు వరసలో నాంచారమ్మ, పక్కన ఆ సినిమా హీరో పుండరీకం.

దయ్యం శాపం పెట్టే ఘట్టం దగ్గరపడేసరికి ఆవిడకు చెమటలు పట్టాయి. ఆ రోజు సెట్లో డైలాగు మరచిపోయి, తెలుగులో నోటికొచ్చింది అనేసింది. భాష రానప్పుడు అంకెలు చెప్పేసి, తర్వాత డబ్బింగులో మాటలు అతికించడం సినిమావాళ్ళకు అలవాటే. ఈ దర్శకుడు మాత్రం సెట్లో పలికిందే ఉంచేశాడు. అభిమానులు అదేదో ప్రాచీన మంత్రమనుకున్నారు. ఆవిడ కాదనలేదు. పైగా, "పుండరీకం గారికి ఎస్పెరాంటో ఒక్క ముక్క రాదండీ, అంతా నేనే నేర్పాను" అని ప్రతి ఇంటర్వ్యూలోనూ కోతలు కోసింది.

తెర మీద దయ్యం జుట్టు విరబోసుకుని గర్జించింది. అందరి చెవుల్లోనూ గింజలు పలికాయి.

"ఏడు రెళ్ళు పద్నాలుగు! ఏడు మూళ్ళు ఇరవై ఒకటి!"

హాలంతా గొల్లున నవ్వింది.

నాంచారమ్మ మొహం కొంగులో దాచుకుంది. "ఇన్నేళ్ళూ మీరెందుకు బయటపెట్టలేదండీ?" అంది పుండరీకంతో.

"భలేదానివే! ఏడో ఎక్కానికి గడగడా వణికినవాణ్ణి నేనమ్మా. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆవిడ తలెత్తింది. తెర మీద పుండరీకం ఇంకా వణుకుతూనే ఉన్నాడు. ఆ కళ్ళలో భయం చూసి హాల్లో నవ్వు మెల్లగా సద్దుమణిగింది.

ఇంటర్వ్యూల్లో తను కోసిన కోతలు గుర్తొచ్చి నాంచారమ్మ మళ్ళీ తల దించుకుంది.