రూటర్ పీకేశాక

వైఫై నత్తనడక నడుస్తోందని మావారు పొద్దుటినుంచీ కంపెనీవాళ్లను తిట్టిపోస్తున్నారు. చివరికి చిర్రెత్తుకొచ్చి రూటర్ ప్లగ్గే పీకేశారు.

ల్యాప్‌టాప్‌లో సినిమా మాత్రం ఆగుతూ ఆగుతూ నడుస్తూనే ఉంది.

నేను తొంగిచూశాను. అది పాత అలవాటు కొద్దీ మేడమీద వదినగారి వైఫైకి తగులుకుని ఉంది. "చచ్చినా దాని గడప తొక్కను" అని నిరుడు ఈయన మాటలు మానేసిన సొంత అక్కగారే ఆవిడ!

"పాపం, పాస్‌వర్డ్ మార్చనే లేదండీ," అన్నాను. "మన ప్లగ్గు మళ్లీ పెట్టి, మనదానికి కలిపెయ్యనా?"

ఈయన మెడ గోక్కున్నారు. "ఉండనీలే. మెల్లిగానైనా వస్తోందిగా."

అంతలో మేడమీంచి కేక వినిపించింది. "ఒరే తమ్ముడూ! ఆ సినిమా కాసేపు ఆపరా, నా సీరియల్ కదలట్లేదు!"

"ఆపేశానే అక్కా!" అంటూ ఈయన చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కేశారు.

గడప మాట నేనెత్తలేదు.