నొక్కిందెవరు?

భర్త మీద ఆమెకు చెప్పుకోదగ్గ ఫిర్యాదేమీ లేదు. మంచివాడే. కాకపోతే కంప్యూటరు ముందు కూర్చోగానే చెవులు తీసి సొరుగులో పెట్టేస్తాడు. “పని వేళలో నన్ను పిలవకండి, ఈ తెర తప్ప నాకింకేమీ కనపడదు, వినపడదు” అని ఇంట్లో అందరికీ చెప్పేశాడు కూడా. భోజనం వడ్డించి ఆమె గుమ్మంలో నిలబడి ఎంతసేపయిందో ఆ తెరకే తెలియాలి.

ఫోను మోగితే మాత్రం ఆ చెవులు వాటంతటవే వచ్చి అతుక్కుంటాయి. ఇప్పుడూ అంతే.

“సార్, నెంబరు మళ్ళీ దూకింది!” కళ్ళాసుపత్రి రిసెప్షనిస్టు గొంతు. “లోపలున్నాయన ఇంకా బయటికి రాకుండానే తర్వాతి నెంబరు పిలిచేసింది. తలుపు దగ్గర ఇద్దరు కొట్టుకుంటున్నారు సార్.”

“నువ్వే నొక్కి ఉంటావమ్మా.”

“చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను సార్.”

“మరి దెయ్యం నొక్కిందా?”

ఈసారి పెద్ద డాక్టరు అందుకున్నాడు. “ఇదిగో బాబూ, రోజూ ఈ గోల నేను పడలేను. తప్పు మీ ప్రోగ్రాముదా, ఈ అమ్మాయిదా? చూసి కాసేపట్లో చెప్పండి. అమ్మాయిదే అయితే ఈ పూటే పంపించేస్తాను.”

అతను ఫోను బల్ల మీద పడేసి కళ్ళు నులుముకున్నాడు.

“అసలేమిటండీ అది?” అంది భార్య.

“ఆసుపత్రిలో పాత ప్రోగ్రాం ఒకటుంది. నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఎంటర్ కొడితే తర్వాతి నెంబరు చెబుతుంది. దానికి అదొక్కటే వచ్చు. నేను దాన్ని వెబ్ పేజీకి కలిపాను. అదొక లైను రాస్తే ఆ క్షణంలోనే గోడ మీది టీవీలో, పేషెంట్ల ఫోన్లలో కనిపిస్తుంది. ఆ అమ్మాయి తన పేజీలో ఉన్న చిన్న గడిలో ఎంటర్ కొడితే అది తిరిగి ప్రోగ్రాంకి చేరుతుంది.”

“ఆ గడిలో ఇంకేమైనా రాస్తే?”

“ఏం రాసినా దానికొకటే. ఎంటర్ పడితే చాలు, తర్వాతి నెంబరు.”

“పేషెంట్లే కొడుతున్నారేమో.”

“వాళ్ళ పేజీలో గడే లేదు. గడి ఉన్నది ఆ అమ్మాయి పేజీలో, నా పేజీలో. నేను కొట్టలేదు. ఇంకెవరు?”

“రోజూ సరిగ్గా భోజనాల వేళకే దూకుతుందేం?”

“ఆ వేళకి ఆ అమ్మాయికి కునుకొస్తుంది కనక!”

హాల్లోంచి అత్తగారు నిట్టూర్చింది. ఒళ్ళో ట్యాబు పెట్టుకుని కొడుకు పనితనం చూస్తూ కూర్చోవడం ఈమధ్య ఆవిడ కాలక్షేపం. సీరియల్ కంటే నయం, ఏడుపులుండవు అంటుంది. “పాపం, ఆ లోపలికెళ్ళినాయన ఎంతకీ రాడేమిటే!” అంది కోడలితో.

మళ్ళీ ఫోను. ఈసారి రిసెప్షనిస్టు గుసగుసగా మాట్లాడింది. “సార్, ఉద్యోగం పోతే పోయింది. ఇంకోటి వెతుక్కుంటాను. కానీ నేను నొక్కానని మాత్రం చెప్పకండి సార్. నేను నొక్కలేదు.”

అతను ఫోను పెట్టేసి ప్రోగ్రాం మొత్తం పైనుంచి కిందికి ఇంకోసారి చదివాడు. తప్పు దొరకలేదు.

“తొందరపడి ఏమీ చెప్పకండి,” అంది భార్య. “ముందు భోంచేయండి. కడుపు కాలుతుంటే ఎదుటివాళ్ళలోనే తప్పులు కనిపిస్తాయి.”

“నువ్వూ మొదలెట్టకు తల్లీ. అలిసిపోయాను.” పెద్ద డాక్టరుకి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. “డాక్టరుగారూ, అంతా చూశానండీ. ప్రోగ్రాంలో ఏ లోపమూ లేదు. ఇక ఆ అమ్మాయే...”

“ఒరేయ్!” అంటూ అత్తగారు ట్యాబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. “పిలిస్తే పలకవు సరే. నీకు కనపడేది ఆ తెర ఒక్కటేనన్నావని రోజూ అందులోనే రాసి పంపుతున్నాను కదరా! ‘భోజనం చల్లారిపోతోంది, లే నాన్నా’ అని ఇప్పుడే మళ్ళీ పంపాను. దానికైనా జవాబియ్యవేం?”

“మళ్ళీ దూకింది సార్!” స్పీకర్లోంచి రిసెప్షనిస్టు కేక.

అమ్మ ముచ్చటపడిందని తన పేజీనే ఆ ట్యాబులో తెరిచిచ్చిన సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది. తల్లివైపు చూశాడు. ట్యాబువైపు చూశాడు. భార్య నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చెప్పండి బాబూ, ఆ అమ్మాయేనా?” అన్నాడు పెద్ద డాక్టరు.

“కాదండీ. ఆ అమ్మాయి నొక్కలేదు. తప్పు నాది,” అన్నాడతను కుర్చీలోంచి లేస్తూ. “మా అమ్మ భోజనానికి పిలుస్తోంది.”