నాలుగు బ్యాటరీల తలుపు

“ఇంకోపారి వేలు పెట్టుండ్రి సార్,” అన్నాడు సాయిలు.

రవికిరణ్ తన ఫ్లాటు తలుపుకున్న డిజిటల్ తాళం మీద వేలు పెట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంకెలు నొక్కాడు. తాళాన్ని అరచేత్తో నాలుగు చరిచాడు. బతిమాలినట్టు దాన్ని తుడిచాడు కూడా.

“బ్యాటరీలు ఖతమైనయ్ సార్. వారం సంది కుయ్యికుయ్యిమని ఉంటది గదా?”

అంటూనే ఉంది. ఆయన మారుస్తారులే అని భార్య రసజ్ఞ, ఆవిడే మారుస్తుందిలే అని రవికిరణ్. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ బుర్రలే గానీ, నాలుగు పెన్సిల్ బ్యాటరీలు కొనే తీరిక ఒక్కరికీ చిక్కలేదు.

“ఆపతికి అక్కరకొస్తదని మామూలు తాళంచెవి కూడ ఇస్తరు గదా? గది ఏడున్నది?”

“లోపల. టీవీ కింద సొరుగులో.”

సాయిలు నవ్వు ఆపుకున్నాడు. కోకాపేటలోని ఈ ముప్పై అంతస్తుల టవరుకు అతను ఎలక్ట్రీషియన్. ఆ తాళంచెవిని ఇంటి బయట దాచుకున్న తెలివైనవాణ్ణి ఇన్నేళ్లలో ఒక్కణ్ణీ చూడలేదు.

టైం పదకొండూ ముప్పై అయిదు. సరిగ్గా పన్నెండింటికి రవికిరణ్‌కు ఇంటర్వ్యూ, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇవ్వాల్సింది. ఆ ల్యాప్‌టాప్ పడకగదిలో ఉంది. భుజానికి ఆఫీసు బ్యాగైతే ఉంది గానీ, అందులో టిఫిన్ డబ్బా, గొడుగు, ఫోన్ చార్జర్ తప్ప ఏమీ లేవు. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఉద్యోగం తీసేసిన రోజే వెనక్కి తీసుకున్నారు.

అది జరిగి రెండు నెలలు. ఆ సాయంత్రమే రసజ్ఞకు చెప్పేద్దామని నోరు తెరిచాడు. అంతలో ఆమే వచ్చి పక్కన కూర్చుని, “మీ ఉద్యోగం గట్టిది. నాకు అదే ధైర్యమండీ,” అంది. తెరిచిన నోటిని ఆవులింతగా మార్చేశాడు.

ఆ మర్నాటి నుంచి రోజూ తొమ్మిదింటికల్లా బ్యాగు తగిలించుకుని బయల్దేరడం, ఏ మాల్ ఫుడ్ కోర్టులోనో, లింగంపల్లి స్టేషన్ బెంచీ మీదో పొద్దుపుచ్చడం, ఏడింటికి వేలాడుతున్న మొహంతో ఇంటికి చేరడం. ఆ మొహం కోసం నటించాల్సిన పని మాత్రం లేకపోయింది. ఏ పనీ చెయ్యకుండా రోజంతా గడపడం కంటే గాడిదచాకిరీ నయమని అతనికి బాగా తెలిసొచ్చింది.

ఈ ఉద్యోగం వస్తే ఇవాళే అంతా చెప్పేయాలి. రాకపోతే అన్న ఆలోచనకే చెమటలు పడుతున్నాయి.

“మేడంకు ఫోన్ చెయ్యుండ్రి సార్,” అన్నాడు సాయిలు.

“వద్దొద్దు. తను ఆఫీసులో ఉంటుంది.”

“గట్లనా?” అని సాయిలు తల గోక్కున్నాడు.

అయినా మనసాగక, ఎక్కడున్నావని రవికిరణ్ ఓ మెసేజ్ పెట్టాడు. వెంటనే జవాబొచ్చింది. ‘ఆఫీసులోనే. ముఖ్యమైన మీటింగ్ ఉంది, తర్వాత మాట్లాడతా.’ హమ్మయ్య అనుకున్నాడు. ఇప్పట్లో ఇంటికి రాదు.

“సాయిలన్నా, ఈ తాళానికి డైరెక్టుగా కరెంటు ఇవ్వలేమా?”

“గోడల కరెంటు తిన్నగ ఇస్తే ఇగ తాళం ఉండదు, మనం ఉండం. జర ఆగుండ్రి.” సాయిలు మోకాళ్ల మీద కూర్చుని తాళం అడుగున వేలితో తడిమాడు. “ఇగో, ఈడ సన్న రంధ్రం ఉన్నది. మీ ఫోన్ చార్జర్ తియ్యుండ్రి. పెద్ద కరెంటును చిన్నగ చేసుడే దాని పని. బ్యాటరీలు ఇచ్చేంతనే ఇది ఇస్తది.”

“మరి ప్లగ్గు?”

“లిఫ్టు కాడ ఉన్నది. పొడుగు వైరు తెస్త, ఫికర్ చెయ్యకుండ్రి.”

వైరు తెచ్చేసరికి పదకొండూ నలభై ఏడు. ఒక కొస లిఫ్టు దగ్గర, ఇంకో కొస తలుపు దగ్గర. చార్జర్ గుచ్చారు. తాళం మళ్లీ మొండికేసింది. రవికిరణ్ గోడకు చేరగిలబడ్డాడు.

“అయ్యో, మరిచిన,” అంటూ సాయిలు నాలిక కరుచుకున్నాడు. “ఊడ్చుడు అయినంక ఈ ప్లగ్గులకు కరెంటు బంద్ పెడ్తరు. పైప్‌ల గది లోపల స్విచ్ ఉన్నది.”

అతను పరుగెత్తాడు. ఎక్కడో టక్కుమంది. ఆ వెంటనే తాళం మీద అంకెలన్నీ నీలంగా వెలిగాయి.

“వచ్చింది! సాయిలన్నా, వచ్చింది!”

వేలు పెట్టాడు. గొళ్లెం కిర్రుమని వెనక్కి జరిగింది. తలుపు తెరుచుకుంది.

రవికిరణ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. అతను సాయిలు చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు.

“ఏందిది సార్, గింతదానికి! బ్యాటరీలు నేనే తెచ్చి ఏస్త, మీరు పోయి మీ పని చూసుకోండ్రి.”

ఇంకా పది నిమిషాలుంది. ఫ్రిజ్ తెరిచి చన్నీళ్లు గటగటా తాగాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి గుండెల మీద బరువు దిగినట్టనిపించింది. ఎందుకో తెలియదు గానీ భయమంతా పోయింది. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఈ సాయంత్రం రసజ్ఞతో నిజం చెప్పేస్తాడు. కట్టుకున్న మనిషి దగ్గర దాచేదేమిటి? కోప్పడితే కోప్పడనీ. రేపటి నుంచి ఆ స్టేషన్ బెంచీ మీద కూర్చోనక్కర్లేదు, అంతే చాలు.

తేలిగ్గా నవ్వుకుంటూ, జుట్టు సర్దుకుంటూ, ల్యాప్‌టాప్ కోసం పడకగది వైపు నడిచాడు. ఆ తలుపు దగ్గరగా వేసి ఉంది. పిడి మీద చెయ్యి వేసి, అలాగే ఆగిపోయాడు.

“మూడు నెలలుగా ఖాళీగానే ఉన్నాను సార్,” అంటోంది లోపల రసజ్ఞ.