కంచె అవతల పెళ్లికొడుకు

“లైవ్ లొకేషన్ పెట్టమన్నాను కదా, ఎందుకు పెట్టలేదు?” కారు స్పీకర్లో శ్రీచరణ్ గొంతు గట్టిగా వినిపించింది.

“నెట్ లేదండి. కొండల్ల ఉన్నం,” అంది వైశాలి.

“కొండల్లోనా? డ్రైవింగ్ ఎవరు, అమరేనా? నువ్వు వెనక సీట్లోనే ఉన్నావు కదా? మాస్కు తియ్యకు. దారిలో ఎక్కడా దిగొద్దు.”

వైశాలి ఏదో చెప్పబోయింది. అతను ఇంకో నాలుగు జాగ్రత్తలు చెప్పి ఫోన్ పెట్టేశాడు.

“ఎంత కేరింగో!” ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది ప్రగతి. “మా అమ్మ కూడా నన్ను ఇన్ని అడగదు.”

వైశాలి కిటికీ అద్దం పూర్తిగా దించింది.

అది 2020 మే మొదటి శనివారం. ముగ్గురూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఐటీ ఉద్యోగులు, ఒకే ఫ్లాటులో తలా ఒక గదిలో ఉంటున్నారు. వైశాలిది కరీంనగర్. డిసెంబరులో ఇంటికి వెళ్లినప్పుడు, జ్యూరిక్‌లో పనిచేసే శ్రీచరణ్‌తో నిశ్చితార్థమైంది. మార్చిలో కరోనా వల్ల సరిహద్దులు మూసేశారు. కోన్‌స్టాంజ్ ఊళ్లో జర్మనీకీ స్విట్జర్లాండ్‌కీ మధ్య కంచె వేశారనీ, విడిపోయిన జంటలు దానికి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకుంటున్నారనీ రెండు వారాల క్రితం వార్తల్లో చూసి, వైశాలి కాఫీ కప్పు కింద పెట్టేసింది.

“నేను పోత.”

“నాలుగు వందల కిలోమీటర్లు! హోటళ్లు కూడా లేవు,” అన్నాడు అమర్. “వీడియో కాల్ ఉందిగా?”

“ఎదురుంగ నిలబడి ఒక మాట చెప్పాలె. ఫోన్ల ఆయనే మాట్లాడుతడు, నాకు వంతు రాదు. మీరు రాకుంటే రైల్ల పోత. రైళ్లు లేకుంటే సైకిల్ మీద పోత.”

ప్రగతి పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే ప్రయాణం ఖాయమైంది.

కరీంనగర్ నుంచి తల్లి కౌసల్య ఫోన్ చేసి గోల పెట్టింది. “పెండ్లి కాకముందే పిల్లగాని కోసం అంత దూరం పోతవా? మంది ఏమనుకుంటరే?”

“అనుకోనియ్ అమ్మా.”

బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో దారి మెలికలు తిరుగుతోంది. ఎర్రటి పెంకుల ఇళ్లు, పచ్చిక వాలుల్లో ఆవులు, మూతపడ్డ కాఫీ హోటళ్ల ముందు బోర్లించిన కుర్చీలు. మామూలు రోజులైతే అమర్ ప్రతి మలుపులోనూ ఫొటోకి ఆగేవాడు. ఈసారి ప్రతి ఊళ్లోనూ కిటికీ తెరలు తొలగించి ఎవరో ఒకరు ఫ్రాంక్‌ఫర్ట్ అని తెలిపే వాళ్ల నంబర్ ప్లేటు వైపు చూస్తున్నారు.

ఒక ఊరి నడిబొడ్డున నీళ్ల సీసా నింపుకోడానికి ఆగారు. చేతికర్రతో ఒక ముసలాయన ఎదురొచ్చాడు.

“ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లా? రోగం మోసుకొచ్చారా మాకు? వెనక్కి పొండి!”

“పోదాం పద,” అని అమర్ తాళం తిప్పాడు. వైశాలి అప్పటికే కారు దిగింది. రెండు మీటర్ల దూరంలో నిలబడి, మాస్కు సరిచేసుకుని, జర్మన్‌లో నిదానంగా చెప్పింది.

“మేం ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. ఏ నియమమూ తప్పలేదు. నాకు నిశ్చయమైన మనిషి కంచె అవతల ఉన్నాడు. ఆయనతో మాట్లాడాలి. దారి చెబితే చెప్పండి, లేకపోతే నేనే వెతుక్కుంటాను. వెనక్కి మాత్రం పోను.”

ముసలాయన కర్ర ఎత్తి చూపించాడు. “కింద రోడ్డు తవ్వేశారు. చర్చి పక్కనుంచి పైకి వెళ్లండి.” కారు కదులుతుంటే వెనకనుంచి అరిచాడు. “అదృష్టవంతుడమ్మా అతను!”

“నువ్వింత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ చూళ్లేదు,” అంది ప్రగతి. “ప్రేమంటే ఇదీ!”

“రెండు వారాల సంది అద్దం ముంగట ప్రాక్టీస్ చేస్తున్న,” అంది వైశాలి.

మళ్లీ ఫోన్ మోగింది, శ్రీచరణే. “రిజిగ్నేషన్ మెయిల్ రాసి పంపాను చూశావా? నువ్వు సెండ్ నొక్కితే చాలు. పెళ్లయ్యాక నీకీ తిప్పలన్నీ ఎందుకు?”

“చూసినండి. కానీ—” అనేసరికి లైన్ తెగింది.

“నా మెయిల్స్ కూడా ఎవరైనా రాసిపెడితే బాగుండు,” నిట్టూర్చాడు అమర్.

“నా పేరు స్పెల్లింగ్ తప్పు రాసిండు,” అంది వైశాలి.

ముగ్గురూ నవ్వారు. వైశాలి నవ్వు ముందుగా ఆగిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి కోన్‌స్టాంజ్ చేరారు. సరస్సుకి అవతల ఆల్ప్స్ మీద మంచు మెరుస్తోంది. గడ్డి మైదానం మధ్య రెండు వరుసల కంచె, వాటి నడుమ రెండు మీటర్ల ఖాళీ. ఒక జంట ఎవరి కాఫీ వాళ్లు తాగుతున్నారు. ఒక నాయనమ్మ అవతలి మనవడికి బొమ్మల పుస్తకం గట్టిగా చదివి వినిపిస్తోంది.

ఇస్త్రీ చొక్కాలో శ్రీచరణ్ అప్పటికే వచ్చి నిలబడ్డాడు. “ఎంత చెప్పినా వినకుండా వచ్చేశావు, మొండిదానివి!” అని నవ్వాడు. “జుట్టెందుకు కత్తిరించావు? పెళ్లికి పొడుగ్గా కావాలని అమ్మ చెప్పింది కదా. సరే, చూద్దాం. ఆ మెయిల్ సోమవారం పొద్దున్నే—”

“ఒక్క నిమిషం. నన్ను చెప్పనియ్యండి.”

అతను ఆగాడు. పక్కనున్న జంట ముసిముసిగా నవ్వుతూ అటు తిరిగారు. కాపలా పోలీసు మర్యాదగా నాలుగడుగులు పక్కకి వెళ్లాడు. పెళ్లిలో అందరికీ చూపించాలని ప్రగతి ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టింది.

వైశాలి రెండు చేతులతో కంచె పట్టుకుని, అవతలికి స్పష్టంగా వినపడేలా చెప్పింది.

“ఈ పెండ్లి నేను చేసుకుంటలేను, శ్రీచరణ్.”