రేలా వరస

"మీరూ రండి మేడం. పిల్లలతో రెండడుగులు వేద్దురుగాని," అంది ఆట నేర్పడానికి వచ్చిన పార్వతి, భుజాన డోలు సర్దుకుంటూ.

ఆ రోజు రామచంద్రపురంలో స్కూలు వార్షికోత్సవం. ప్రిన్సిపాల్ హైమ నవ్వుతూ స్టేజీ ఎక్కింది. యూకేజీ పిల్లలు ఒకరి నడుం ఒకరు పట్టుకుని కోయ గిరిజనుల రేలా ఆటకి వరసగా నిలబడి ఉన్నారు. ఆమెనూ మధ్యలో కలుపుకున్నారు. కింద తల్లిదండ్రులు వీడియో తీయడానికి ఫోన్లు పైకెత్తారు.

"అక్కా, ఆవిడకి ఒక్క అడుగూ రాదు. పడిపోద్ది," అన్నాడు పక్కనే ఉన్న తమ్ముడు గంగరాజు.

"పడాలనే పిలిచాను. నేను ఇక్కడ హాస్టల్లో ఉండి ఆరో తరగతి చదివేటప్పుడు ఈవిడే మా టీచరు. నాటకంలో రాక్షసులందరికీ నల్లరంగు పూసింది. నా దగ్గరకొచ్చి, 'దీనికి అక్కర్లేదు' అంది. క్లాసంతా నవ్వారు. ఇప్పుడు నన్ను గుర్తు కూడా పట్టలేదురా."

డోలు మోగింది. నాలుగో అడుగుకే హైమ తడబడింది. పార్వతి దరువు పెంచింది. హైమ కాలికి చీర అడ్డం పడి ముందుకు తూలింది.

పడలేదు. రెండు పక్కలా పిల్లలు ఆమె నడుం గట్టిగా వాటేసుకున్నారు. వరసంతా బిగుసుకుని నిలబడి, మళ్లీ మొదటి అడుగు నుంచి ఎత్తుకుంది.

"భయం లేదు మేడం," అంటోంది ఒక పాప. "అడుగు తప్పినవాళ్లని వదలకూడదని మా పార్వతి టీచర్ చెప్పారు."

గంగరాజు అక్క ముఖంలోకి చూశాడు. "చింతూరులో అమ్మ మనకి నేర్పినట్టే నేర్పావు కదక్కా."

పార్వతి పళ్లు బిగించి దరువు ఇంకా పెంచింది.

వరస తెగలేదు.