చేతుల కట్లు

కట్లు మళ్లీ విప్పేసి ఉన్నాయి! ఐసీయూ నర్సు మెహర్‌కు ఒళ్లు మండింది.

మలేరియా మెదడుకెక్కి వెంటిలేటర్ మీదున్న మనిషి మత్తులో గొట్టం పీక్కోకుండా, చేతులను గుడ్డతో మంచానికి కడుతోంది తను. చూడటానికి వచ్చినప్పుడల్లా ఆయన భార్య గంగక్క విప్పేస్తోంది.

"ఎన్నిసార్లు చెప్పాలె గంగక్కా? గొట్టం పీక్కుంటే పానం పోతది!"

"మా దిక్కు చేతులు కట్టేది పీనుగకే బిడ్డా. ఈయనకు ఇంక ఊపిరున్నది గదా?"

మళ్లీ కట్టబోతున్న మెహర్ చెయ్యి ఆగింది. గుడ్డను విసురుగా జేబులో కుక్కి, స్టూలు లాగింది.

"అయితే నువ్వే పట్టుకో. జెరంత గూడ వదలకు."

తలుపు దగ్గర వాచ్‌మన్ అరిచాడు. "టైమైంది! పేషెంట్ల మనుషులంతా బయటికి రావాలె!"

మెహర్ అంతకంటే గట్టిగా అరిచింది. "ఈమె డ్యూటీల ఉన్నది!"