ఇచ్చేవాళ్లే ఎత్తాల్సిన మాట

"అడగొచ్చో లేదో తెలీదు గానీ, లాభం లేదంటున్నారు, జీతాలూ లేవంటున్నారు. మరి ఇదంతా ఎందుకు చేస్తున్నట్టండీ?" అన్నాడు కళ్లజోడు పెద్దాయన.

"ఎవరికి తెలిసింది వాళ్లు రాస్తారండీ. కావలసినవాళ్లు ఉచితంగా చదువుకుంటారు. అంతే," అంది కార్యదర్శి.

"అద్భుతం!" పెద్దాయన పక్కన కూర్చున్న చేతిసంచీ ఆవిడ చప్పట్లు కొట్టినంత పని చేసింది.

కార్యదర్శి పగలంతా పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనులో కూర్చుంటుంది. సాయంత్రాలు ఉచిత విజ్ఞాన సంఘం నడుపుతుంది. సంఘమంటే ఒక వెబ్‌సైటు, దానికి ఊరికే రాసిపెట్టే పాతికమంది, దాన్ని మోసే ఒక పాత కంప్యూటరు. ఆ కంప్యూటరు ఆమె అక్క ఇంట్లో మెట్ల కింద రాత్రనక పగలనక గుర్రుపెడుతూ ఉంటుంది. ఆదివారంలోగా అది కదలకపోతే పాతసామాన్లవాడికి వేసేస్తానని అక్క ఖరాకండిగా చెప్పేసింది.

అద్దెకో గది కావాలి, ఇంకో కంప్యూటరు కావాలి, సంఘాన్ని రిజిస్టరు చేయించాలి. అన్నీ డబ్బుతో పనులే. కొత్తగా మొదలయ్యే సంఘాలకు ఈ ధర్మసంస్థ డబ్బిస్తుందని విని దరఖాస్తు పెట్టింది. ఇవాళ రమ్మన్నారు. తోడుకు బావను, అంటే అక్క మొగుణ్ని, తెచ్చుకుంది. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరై, సంఘానికి కోశాధికారిగా ఉన్నాడు. కోశంలో ఇంతవరకూ ఏమీ పడలేదు కాబట్టి ఆ పదవి ఆయన ఒంటికి పడింది.

కింద బల్ల దగ్గరి అమ్మాయి "పైగదిలో కూర్చోండి, వస్తారు" అని పంపేసింది. బావ నడుంనొప్పి పేరు చెప్పి మెత్తగా ఉన్న కుర్చీ చూసుకున్నాడు. ఆమె పక్కది లాక్కుంది. కాసేపటికి ఈ ఇద్దరూ తలుపు తట్టి మరీ లోపలికొచ్చి, ఎదురుగా కూర్చున్నారు.

"తమ గదిలోకి తామే తలుపు తట్టి వస్తున్నారు చూడు. నిండుకుండ తొణకదంటే ఇదే," అని బావ మరదలి చెవిలో ఊదాడు.

"మీ సైటులో ఏమేం ఉంటాయండీ?" అంది సంచీ ఆవిడ.

ఆ ప్రశ్న బావ అందుకున్నాడు. "తలుపు కిర్రుమంటే ఏం చెయ్యాలో ఉందండీ. ఆవులింత ఒకళ్లనుంచి ఒకళ్లకి ఎందుకంటుకుంటుందో ఉంది. మా ఆవిడకి కోపం ఎందుకొస్తుందో మాత్రం ఇంకా ఎవరూ రాయలేదు."

ఎదుటి ఇద్దరూ ఆ మాటకు కావలసినదానికన్నా ఎక్కువసేపు నవ్వారు.

బావకు అనుమానం వచ్చి గొంతు తగ్గించాడు. "ఏమే మరదలా, డబ్బిచ్చేవాళ్లు ఇంతలా నవ్వుతారా?"

"నవ్వనీ బావా. నీకేం నష్టం?"

"పోనీ, వీళ్లెవరో, ఇక్కడ ఏ హోదాలో ఉన్నారో అడగనా?"

ఆమె బల్ల కింద ఆయన కాలు తొక్కింది. ప్రశ్న వేసినవాణ్ని నువ్వెవరని అడగకూడదు, జవాబు చెప్పాలంతే. సంఘంలో మొదటి నియమం అది, పెట్టింది ఆమే. దాన్ని పాటించీ పాటించీ, ఇంటికొచ్చిన చుట్టాలను కూడా ఏం పనిమీద వచ్చారని అడగడం మానేసింది.

పెద్దాయన జగ్గు అందుకుని బావ గ్లాసులో నీళ్లు పోశాడు. కార్యదర్శి లేచి పెద్దాయన గ్లాసులో పోసింది. సంచీ ఆవిడ కార్యదర్శి గ్లాసులో పోసింది. బావ సంచీ ఆవిడ గ్లాసులో పోశాడు. జగ్గు ఖాళీ అయింది. ఎవరికీ దాహం లేదు.

"మా మొదటి పేజీలో మీ పేరు వేస్తామండీ," అంది కార్యదర్శి.

పెద్దాయన కంగారుపడ్డాడు. "అయ్యయ్యో, మా పేరా? మీ పేరే రాతిపలకమీద చెక్కించి మా గోడకు పెట్టిస్తాం!"

"మాదెందుకండీ! మీదే ఉండాలి."

"లేదు లేదు, మీదే."

"పోన్లెండి, పలకమీద మాది, పేజీలో మీది. దానికింత కొట్లాటెందుకు?" అని బావ తీర్పు చెప్పాడు.

డబ్బన్న మాట ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. అది ఇచ్చేవాళ్లే ఎత్తాలని, అడిగేవాళ్లు ఎత్తితే చులకనైపోతారని కార్యదర్శి ఇంటి దగ్గరే తీర్మానించుకుని వచ్చింది. కానీ ఆదివారం ముంచుకొస్తోంది.

"ఏదైనా కాస్త తొందరగా తేలితే బాగుంటుందండీ. ఈ ఆదివారంలోపల," అంది.

"అంతకన్నానా అమ్మా!" అన్నాడు పెద్దాయన. కుర్చీ అంచుకు జరిగాడు.

"అయిపోయింది పని. మీ అక్కకి ఫోన్ కొట్టనా?" అని గొణిగాడు బావ.

"ఉండు బావా. నోటిదాకా రానీ."

సంచీ ఆవిడ పెద్దాయనను మోచేత్తో పొడిచింది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇంక మొహమాటపడితే కుదరదండీ. డబ్బు సంగతి మాట్లాడుకుందాం."

కార్యదర్శి నిటారుగా కూర్చుంది. బావ చొక్కా సర్దుకున్నాడు. మాట ఎత్తాల్సినవాళ్లే ఎత్తారు.

"చెప్పండి," అంది ఆమె.

పెద్దాయన లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

"మా సంఘానికి ఎప్పుడిస్తారు మేడమ్?"